పదహారు నెలల ఎలక్ట్రిక్ స్కూటరు, మా నాన్న అడిగిన లెక్క

నిన్నటికి మా బండి 14,200 కిలోమీటర్లు తిరిగింది. కొని పదహారు నెలలయింది. ఇల్లు శ్రీకాకుళంలో. నరసన్నపేటకి ఇవతల ఒక పల్లెలో హైస్కూలు, అక్కడ నేను భౌతిక శాస్త్రం చెప్తాను. రానూ పోనూ 44 కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ బండి తీసుకోవచ్చా మేడమ్ అని స్టాఫ్‌రూమ్‌లో వారానికి ఒకరైనా అడుగుతున్నారు. అందరికీ కలిపి ఇక్కడే చెప్తున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేవి చాలావరకు ఈ ధరలో వచ్చే ఏ బండికైనా వర్తిస్తాయి. నాకు అన్నీ కలిపి లక్షా పదిహేను వేలు పడింది. మూడు యూనిట్ల కరెంటు పట్టే ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ. కాగితం మీద 120 కిలోమీటర్లు వస్తుందన్నారు. హైవే మీద 50 స్పీడులో ఒక్కదాన్నే వెళ్తే నాకు వచ్చేది 85. ఊళ్లో నెమ్మదిగా తిరిగితే 95. ఆషాఢంలో మడపం దగ్గర వంశధార వంతెన ఎక్కగానే ఎదురుగాలి కొడుతుంది చూడండి, ఆ నెలంతా 76 దాటలేదు. వెనక మనిషి కూర్చుంటే ఇంకా తగ్గుతుంది. కాబట్టి షోరూములో చెప్పిన అంకెలో మూడో వంతు తీసేసి, మిగిలింది మీ రోజువారీ తిరుగుడికి సరిపోతుందో లేదో చూసుకోండి.

నడపడానికి హాయిగా ఉంది. సీటు కింద రెండు క్యారేజీలు, ఒక సెక్షన్ నోటు పుస్తకాల కట్ట పడతాయి. చప్పుడు లేదు కాబట్టి పల్లెలో పశువులకీ ముసలివాళ్లకీ బండి వస్తున్నట్టు తెలియదు, హారన్ మీద వేలు ఉంచుకోవాలి. స్కూలు దారిలో స్పీడ్ బ్రేకర్లకి అడుగు భాగం రాసుకుంటుంది.

ఖర్చు సంగతి. చార్జరుకి విడిగా చిన్న మీటరు పెట్టించాను, తొమ్మిదో తరగతి పిల్లలకి పాఠంగా పనికొస్తుందని. ఖాళీ బ్యాటరీ నిండడానికి గోడలోంచి 3.4 యూనిట్లు లాగుతోంది. మూడు యూనిట్లు బ్యాటరీలోకి, మిగతాది వేడి కింద పోతుంది. 85 కిలోమీటర్లకి యూనిట్ ఆరు రూపాయలు వేసుకుంటే ఇరవై రూపాయలు. నా పాత పెట్రోలు స్కూటరు లీటరుకి 45 ఇచ్చేది, అదే దూరానికి రెండు వందలు దాటేది. అయితే ఇక్కడ ఒక మాట ఎవరూ చెప్పరు. స్కూలు ఉన్న నెలలో బండికి 45 యూనిట్లు అవుతోంది. మా ఇంట్లో అంతకుముందే 200 దాకా కాలేది. ఇవి కలిసేసరికి 225 దాటి, పై యూనిట్లకి 8.75 పడింది. మీ శ్లాబు ఎక్కడుందో చూసుకుని లెక్క వేసుకోండి. అయినా పెట్రోలుతో పోలిక లేదు.

ఇంతవరకు ఎవరైనా రాసేదే. అసలు లెక్క మా నాన్న అడిగాడు.

మాది సోంపేట బీల అంచున ఒక ఊరు. బీల అంటే తెలియనివాళ్లకి: వర్షం నీరు నిలిచే పల్లపు నేల, దాని మీద ఆధారపడి చుట్టూ పొలాలు, చేపలు, జమ్ము, పశువుల మేత. అక్కడ బొగ్గు కరెంటు ప్లాంటు కడతామంటే జనం ఒప్పుకోలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, అదే కారణంతో, మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. మా నాన్న సోంపేటలో ఆ జనంలో ఉన్నాడు. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరాను, సాయంత్రం దాకా ఆయన ఫోను ఎత్తలేదు. ఆ టెన్షన్ ఈ రోజుకీ మర్చిపోలేదు. మా దగ్గర ప్లాంటు రాలేదు. బీల ఇంకా ఉంది.

కొత్త బండి ఆయనకి చూపించాలని మొదటి సంక్రాంతికి దాని మీదే బయల్దేరాను. శ్రీకాకుళం నుంచి మా ఊరు 110 పైనే, ఒక్క చార్జింగ్‌తో చేరదు. కాశీబుగ్గలో పెద్దమ్మ ఇంట్లో ఆగాను, 11 శాతం మిగిలింది. జీడిపిక్కల బస్తాల పక్కన ప్లగ్ పెట్టి మూడు గంటలు కూర్చున్నాను. ఊరు చేరేసరికి సాయంత్రమైంది. నాన్న బండి చుట్టూ తిరిగి చూశాడు, పొగగొట్టం ఉండే చోట చెయ్యి పెట్టి చూశాడు. "ఏటమ్మీ, నీ బండి పొగ ఒగ్గదు, నిజిమే. మరి దానికెట్టే కరెంటు ఎక్కడ పుట్టింది? ఆ ఊరోలు మనలాటోలు కారా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఊరికి దగ్గర్లోనే రైల్వే లైను. ఒడిశాలో తాల్చేరు నుంచి బొగ్గు రైళ్లు మా పలాస మీదుగా, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం దాటి పరవాడ సింహాద్రి ప్లాంటుకి పోతాయి. 2,000 మెగావాట్ల ప్లాంటు అది. ఒక్కో రైలుకి యాభై ఎనిమిది పెట్టెలు, నాలుగు వేల టన్నుల దాకా బొగ్గు. చిన్నప్పుడు గేటు దగ్గర నిలబడి పెట్టెలు లెక్కపెట్టేవాళ్లం. మనం వద్దన్న బొగ్గు మన ముందు నుంచే పోయి ఇంకొకరి ఊళ్లో కాలుతోంది. దాంట్లో కొంత నా ప్లగ్‌లోకి వస్తోంది.

తిరిగి వచ్చాక పిల్లలతో కలిసి లెక్క వేశాను. మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్‌కి సగటున 0.7 కిలోలకి కాస్త పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది, ఎందుకంటే కరెంటులో నాలుగింట మూడు వంతుల దగ్గర బొగ్గుదే. అంటే నా 3.4 యూనిట్లకి రెండున్నర కిలోలు. అదే 85 కిలోమీటర్లు పెట్రోలుతో వెళ్తే, లీటరు కాలితే 2.3 కిలోలు కాబట్టి, నాలుగు కిలోల మూడు వందల గ్రాములు. ముడి చమురు తోడి, శుద్ధి చేసి, ట్యాంకరులో బంకు దాకా తెచ్చేది ఇందులో కలపలేదు. కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. బొగ్గు కరెంటుతో నడిచినా ఈ బండి దాదాపు సగం తగ్గిస్తోంది. ఎలక్ట్రిక్ బండ్లు ఒట్టి మోసం అనేవాళ్లతో నేను ఒప్పుకోనిది ఇందుకే.

కానీ బండి పుట్టేటప్పుడే ఒక అప్పుతో పుడుతుంది. బ్యాటరీ తయారు చేయడానికి బోలెడు శక్తి కావాలి. ఒక్కో యూనిట్ సామర్థ్యానికి 60 నుంచి 100 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని సాధారణంగా వేసే అంచనా. నా మూడు యూనిట్ల బ్యాటరీకి 180 నుంచి 300 కిలోల అప్పు. కిలోమీటరుకి 22 గ్రాములు మిగులుతుంటే ఆ అప్పు తీరడానికి 8 వేల నుంచి 14 వేల కిలోమీటర్లు తిరగాలి. నాది ఈ మధ్యే తీరింది. వారానికి రెండుసార్లు కూరగాయలకి వెళ్లడానికి మాత్రమే కొనుక్కునేవాళ్లు ఈ అంకె ఒకసారి ఆలోచించాలి. వాళ్ల పాత బండి ఇంకా బాగుంటే దాన్నే నడుపుకోమని చెప్తాను.

ఎల్ఎఫ్‌పీ రకం తీసుకోవడానికి కారణం కూడా ఇలాంటిదే. అందులో కోబాల్టు ఉండదు. ప్రపంచంలో కోబాల్టులో ఎక్కువ భాగం కాంగో గనుల నుంచి వస్తుంది, అక్కడ చిన్న గనుల్లో పిల్లలు కూడా పని చేస్తున్నారని మనకి తెలుసు. నేను పిల్లలకి పాఠం చెప్పే మనిషిని. లిథియం మాత్రం దీంట్లోనూ ఉంటుంది, దానికోసం ఎక్కడో ఎడారుల్లో ఉప్పునీరు తోడుతున్నారు. అది నాకు బాధగానే ఉంది.

నాన్నకి ఫోనులో ఈ లెక్కంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "సగం తగ్గింది, మంచిదే. మిగిలిన సగం ఎవులు పీలుస్తన్నారు?"

ఆ మాట పట్టుకుని బూడిద లెక్క కూడా వేశాం. పూర్తిగా బొగ్గు కరెంటే అనుకుంటే ఒక యూనిట్‌కి 650 గ్రాముల బొగ్గు కావాలి. ఒక చార్జింగ్‌కి రెండు కిలోల పైమాట. మన బొగ్గులో మూడో వంతుకి పైగా బూడిదే. అంటే నేను రెండు రోజులు స్కూలుకి వెళ్లొస్తే ఎక్కడో ముప్పావు కిలో బూడిద మిగులుతోంది. పొయ్యి బూడిద ముప్పావు కిలో తూచి బల్ల మీద పోసి పిల్లలకి చూపించాను. పెద్ద గిన్నె నిండింది. అంతవరకు కబుర్లు చెప్తున్న వెనక బెంచీ కూడా నిశ్శబ్దమైంది. కొంత బూడిద సిమెంటుకీ ఇటుకలకీ పోతుంది, మిగతాది చెరువులంత గుంటల్లో నిలుస్తుంది. ఆ గుంటల పక్కన ఉండేది ఊళ్లే.

దీనికి ఎదురుగా ఇంకో నిజం కూడా ఉంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో సాయంత్రం ఐదింటికి స్కూలు పిల్లల ముక్కు ఎత్తులో పోయే పొగలో నా బండి పొగ ఇప్పుడు లేదు. అది చిన్న విషయం కాదు.

బొగ్గు వద్దంటే మరేంటి అని అడుగుతారు. మాచ్‌ఖండ్ జల విద్యుత్తు 1955 నుంచి ఉంది, 120 మెగావాట్లు, మనకీ ఒడిశాకీ ఉమ్మడిది. పొగ లేదు, కానీ జలాశయం కింద మునిగినవి గిరిజనుల ఊళ్లు. రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కడతామంటున్నారు. అటు నుంచి వచ్చే మా సహోద్యోగి ఒకావిడ ఆ పేరు ఎత్తితేనే మాట మారుస్తుంది, వాళ్లవాళ్లు సముద్రం మీద బతికేవాళ్లు. నాకు మనసుకి నచ్చింది ఎండ ఒక్కటే. అందుకని పీఎం సూర్యఘర్ పథకం కింద డాబా మీద రెండు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాం, 60 వేల సబ్సిడీ వచ్చింది. మంచి ఎండ రోజు ఎనిమిది యూనిట్లు వస్తుంది. బండికి కావలసింది దాంట్లో ఐదో వంతు.

అయితే నా బండి ఎండతో నడుస్తోందని చెప్పలేను. ఎండ ఉన్నప్పుడు బండి స్కూల్లో ఉంటుంది. బండి ఇంటికొచ్చేసరికి ఎండ పోతుంది. పగలు నా ప్యానెళ్ల కరెంటు లైను మీదికి పోయి పక్కవాళ్ల ఫ్యాన్లు తిప్పుతుంది, రాత్రి నేను తీసుకునేది ఎక్కువగా బొగ్గు కరెంటే. లైనుకి పంపిందీ తీసుకున్నదీ లెక్కగట్టే నెట్ మీటరు కాగితంలో సరిపోతుంది, గాలిలో పూర్తిగా సరిపోదు. ఇప్పుడు ఆదివారం, సెలవు రోజుల్లో పదింటికే ప్లగ్ పెడుతున్నాను. మామూలు రోజుల్లో అందరూ వాడే సాయంత్రం ఆరు నుంచి పది మధ్య పెట్టడం మానేశాను. స్కూళ్లలో, ఆఫీసుల్లో పగటిపూట డబ్బు కట్టి చార్జింగ్ పెట్టుకునే ఏర్పాటు ఉంటే ఈ బండ్లు నిజంగా ఎండతో నడుస్తాయి. దానికోసం మా మండలంలో అర్జీ పెట్టాను.

ఇక సర్వీసు. ఇక్కడే ఈ బండికి మార్కులు తగ్గిస్తాను. ఆగస్టు వానల్లో చార్జింగ్ పోర్టులోకి నీరు దిగి బండి ఆగిపోయింది. ఊళ్లోని సర్వీసు సెంటరులో ఆ ముక్క లేదు. పందొమ్మిది రోజులు పట్టింది, ఆ పందొమ్మిది రోజులూ బస్సూ, షేర్ ఆటో. తిత్లీ తుఫాను ఏడాది, 2018లో, మా ఊరికి చాలా రోజులు కరెంటే లేదు. అలాంటి రోజుల కోసం నాన్న తన పెట్రోలు బండి అమ్మనన్నాడు. ఆయన మాట సరైనదే. మా ఊరిలా తుఫాన్లు తగిలే ఉద్దానం వైపు ఉండేవాళ్లు ఇంట్లో ఒక్కటే బండి ఉంటే తొందరపడొద్దు.

బండి తీసుకొచ్చిన రోజు ఇంకొకటి అడిగాను: బ్యాటరీ అయిపోయాక ఎవరికి ఇవ్వాలి? అక్కడ ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుదే. పాత రకం సీసం బ్యాటరీల స్కూటరు వాడిన మా బంధువు ఒకాయన వాటిని పాత ఇనప సామాన్ల అతనికి అమ్మేశాడు, ఆ సీసం ఎక్కడ కరిగిందో ఎవరికి తెలుసు. మీరు కొనేటప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి, జవాబు కాగితం మీద రాయించుకోండి. నేను రెండోసారి వెళ్లినప్పుడు రాయించుకున్నాను.

మార్కులు వేయమంటే బండికి పదికి ఏడున్నర, సర్వీసుకి నాలుగు. రోజుకి 30 నుంచి 60 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి నేను తీసుకోమనే చెప్తాను.

వచ్చే సంక్రాంతికి మళ్లీ దీని మీదే వెళ్తున్నాను. ఈసారి నాన్నని వెనక కూర్చోబెట్టుకుని బీల గట్టు మీద తిప్పుతానని మాటిచ్చాను. కాశీబుగ్గ పెద్దమ్మకి ఫోను చేసి, మధ్యాహ్నం పన్నెండింటికి వస్తాను, ప్లగ్ దగ్గర బస్తాలు జరిపించమని చెప్పాను.