ఇన్వర్టర్ మంచిదే, బ్యాటరీ పెట్టిన చోటే తప్పు

హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబర్ 12, వైజాగ్‌లో మా వీధికి ఐదు రోజులు కరెంటు లేదు. నాన్నకి ఆయాసం, నెబ్యులైజర్ (మందుని ఆవిరిలా చేసి పీల్పించే మెషీన్) ఇంట్లోనే ఉంది కానీ నడిపేదెలా, ఆ రాత్రి ఆయన్ని కూర్చోబెట్టి వీపు రాస్తూ తెల్లారించాం. ఇన్వర్టర్ కొనాలని అప్పుడే అనుకున్నాం, కుదిరింది మాత్రం పోయినేడాది వేసవికి.

తీసుకుంది ప్యూర్ సైన్ వేవ్, అంటే లైన్ కరెంటు లాంటిదే ఇచ్చే రకం ఇన్వర్టర్, దాంతో 150 ఏహెచ్ (ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే లెక్క) ట్యూబులర్ రకం బ్యాటరీ. స్క్వేర్ వేవ్ అనే ఇంకో రకం ఇన్వర్టర్ రేటు తక్కువే గానీ ఫ్యాన్లు గుయ్యిమంటాయి, నెబ్యులైజర్ లాంటి మోటారున్న వాటికీ మంచిది కాదు, అందుకే వద్దనుకున్నాం. రెండు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, వైఫై కలిపి 200 వాట్స్ దాకా అవుతుంది, ఆరు గంటలు హాయిగా వస్తోంది. మొన్న గాలివానకి రాత్రి పది నుంచి తెల్లారుజాము మూడు దాకా కరెంటు లేకపోయినా నాన్నకి మెలకువే రాలేదండి, మాకంతకంటే ఏం కావాలి.

బిగించిన తీరే దారుణం. షాపు పంపిన కుర్రాడు బ్యాటరీని పూజ గూటి కింద అల్మారాలో పెట్టి తలుపేసి వెళ్ళిపోయాడు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ వస్తుంది, అది భగ్గున అంటుకునే గ్యాసు, సరిగ్గా దాని పైనే అమ్మ రోజూ దీపం పెడుతుంది! షాపుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తే "ఏం కాదు సార్" అన్నారే తప్ప ఎవరూ రాలేదు, చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గాలాడేలా వరండాలోకి మార్పించాం. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తగ్గిందేమో చూసుకోవాలని కూడా వాళ్ళు చెప్పలేదు. పైన ఆరు మూతలకి నీళ్ళెంత ఉన్నాయో చూపించే చిన్న ఫ్లోట్లుంటాయి, ఎలక్ట్రీషియన్ చూపిస్తే రెండు అప్పటికే ఎర్ర గీత దాకా దిగిపోయి ఉన్నాయి. కుళాయి నీళ్ళు మాత్రం పోయకండి, బ్యాటరీ పాడైపోతుంది.

వస్తువుకి 5 స్టార్లు, సర్వీసుకి 1.

కొనేవాళ్ళకి ఇంకో మాట, తుఫానులో ఇంట్లోకి నీళ్ళొచ్చేలా ఉంటే మెయిన్ ఒక్కటే ఆపితే చాలదు, ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది, నీళ్ళు రాకముందే దాన్నీ ఆపేయాలి. వీధిలో తీగ తెగిపడితే దగ్గరికెళ్ళకుండా కరెంటు వాళ్ళ నంబరు 1912కి ఫోన్ చేయండి. మా ఇంట్లో అమ్మకీ పిల్లలకీ కూడా ఆ రెండు స్విచ్‌లు ఎక్కడున్నాయో చూపించి, వాళ్ళ చేత ఓసారి ఆపించి మరీ చూశాను.