నన్ను రావద్దనే పత్రికకు పన్నెండేళ్ల పాఠకుణ్ణి

హెచ్-1బి వీసాలకు అడ్డుకట్ట వేయాలనే పత్రికను హెచ్-1బి మీద వచ్చినవాడు చందా కట్టి మరీ చదవడమేమిటని మా ఆవిడ అడుగుతుంది. ఆ పత్రిక ‘ది అమెరికన్ కన్సర్వేటివ్’, అమెరికాలో కన్సర్వేటివ్‌ల (సంప్రదాయవాదుల) పత్రిక. న్యూజెర్సీ రైల్లో కాలక్షేపానికి మొదలుపెట్టాను, పన్నెండేళ్లయినా వదల్లేదు.

2002లో ఒకప్పుడు అధ్యక్ష పదవికి పోటీచేసిన ప్యాట్ బుకానన్, పాత్రికేయులు స్కాట్ మెక్‌కానెల్, టాకీ థియోడోరకోపులోస్ దీన్ని స్థాపించారు. ఇరాక్ మీదికి సేనలను పంపాలని రిపబ్లికన్ నాయకులు ఊగిపోతున్న రోజులవి. ‘వద్దు’ అన్న పాపానికి 2003లో సాటి కన్సర్వేటివ్ పత్రిక నేషనల్ రివ్యూ వీళ్ల దేశభక్తినే శంకించింది. 2004 అధ్యక్ష ఎన్నికల్లోనైతే బుకానన్ రిపబ్లికన్ బుష్‌ను సమర్థించాడు, మెక్‌కానెల్ అదే పత్రికలో డెమోక్రాట్ కెర్రీకి ఓటేయమన్నాడు. పాత సంచికల్లో ఈ సంగతి చూశాకే నాకు గురి కుదిరింది. మన దగ్గర ఏ పత్రిక రేపు ఏ శీర్షిక పెడుతుందో ఈ రాత్రే చెప్పేయవచ్చు కదా!

యుద్ధాలకు, స్వేచ్ఛా వాణిజ్యానికి, భారీ వలసలకు వ్యతిరేకం; కుటుంబం, చర్చి, సొంత ఊరు ముఖ్యం. స్థూలంగా వీళ్ల రాజకీయం ఇది. నాకు అన్నిటికన్నా నచ్చినవి పట్టణాల గురించిన వ్యాసాలు. కారు తీయకుండా పాలు కూడా తెచ్చుకోలేని శివారు కాలనీలను ఇక్కడ కన్సర్వేటివ్‌లే దుయ్యబడతారు. తెనాలిలో బడికీ గుడికీ నడిచి వెళ్లి పెరిగినవాణ్ణి, నాకు ఆ బాధ వేరే ఎవరో వివరించనక్కర్లేదు.

రాడ్ డ్రెహర్ 2023 దాకా ఇక్కడ రాశాడు. అన్నీ చేంతాడంత వ్యాసాలు. సగంలోనే విసుగొచ్చేది, మర్నాడు మళ్లీ తెరిచేవాణ్ణి.

పేచీ అంతా వలసల దగ్గరే. హెచ్-1బి వల్ల స్థానికుల జీతాలు పడిపోతాయన్న వాదనను నేను కొట్టిపారేయను. కన్సల్టెన్సీల బాగోతం కళ్లారా చూశాను. కానీ గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితి వల్ల మనవాళ్లు ఏళ్ల తరబడి వరుసలో ఉంటారు. ఆ వరుసలో ఉన్నంతకాలం యజమానిని వదలడం కష్టమైన మనిషి జీతం ఏమని బేరమాడతాడు? నేను చదివిన వ్యాసాల్లో ఆ ముడి విప్పే ఓపిక తక్కువ, తలలు లెక్కపెట్టే ఆత్రం ఎక్కువ.

ట్రంప్ వచ్చాక వీళ్ల మాటలే రిపబ్లికన్ పార్టీ మాటలయ్యాయి. గెలిచిన పక్షాన కూర్చున్నాక పదును తగ్గిందనిపించి చందా ఆపేద్దామనుకున్నాను. ఇంతలో 2025 జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాల మీద దాడులు జరిగాయి. యుద్ధం వద్దంటూ మళ్లీ ఆ పాత గొంతే వినిపించింది, ఈసారి ట్రంప్ ఏలుబడిలోనే. మరో ఏడాదికి డబ్బు కట్టేశాను.