అరిజోనా ఎండలో చలికాలం: ఆర్వీ పార్కులో మా కాపురం

డెట్రాయిట్ చుట్టుపక్కల రిటైరైన మన తెలుగువాళ్ళు కొందరు చలికాలం రాగానే హైదరాబాదో విజయవాడో వెళ్ళిపోతారు. కొందరు పిల్లల ఇళ్ళకి చేరతారు. మావారికి అంతసేపు విమానంలో కూర్చుంటే కాళ్ళు వాస్తాయి. పిల్లలేమో మాకంటే చలి ఊళ్ళో ఉన్నారు. అందుకని లోపలే మంచం, వంటగది ఉన్న ఒక ట్రెయిలరు కొనుక్కుని, పికప్ వెనక తగిలించుకుని, ఎండ ఉన్న చోటికి బయల్దేరడం మొదలుపెట్టాం. ఇలా వెళ్ళేవాళ్ళని ఇక్కడ స్నోబర్డ్స్ అంటారు. టెక్సస్ దక్షిణపు కొస, అరిజోనాలో యూమా, క్వార్ట్‌జ్‌సైట్, ఫీనిక్స్‌కి తూర్పున మేసా – అపాచీ జంక్షన్: వేర్వేరు చలికాలాల్లో ఈ నాలుగు చోట్లా ఉండి చూసి, చివరికి మేసా వైపు కుదురుకున్నాం. చూసి వచ్చేయడానికి బాగుండే చోటు వేరు, నెలల తరబడి వండుకు తినే చోటు వేరు. నేను రెండో లెక్కలోనే చెబుతున్నాను.

టెక్సస్ అడుగున రియో గ్రాండే లోయలో మెకాలెన్, మిషన్, హార్లింజెన్ ఊళ్ళ చుట్టూ ఎటు చూసినా ఆర్వీ పార్కులే, అంటే ఇలాంటి ఇంటి బండ్లు అద్దెకి నిలుపుకునే చోట్లు. మనలాంటివాళ్ళని అక్కడ ‘వింటర్ టెక్సన్లు’ అని ఆప్యాయంగా పిలుస్తారు. అద్దెలు మేసా కంటే తక్కువ. ఎర్ర గుజ్జు గ్రేప్‌ఫ్రూట్ కోతలు సరిగ్గా మనం ఉండే రోజుల్లోనే. మిషన్ దగ్గర బెంట్సెన్ స్టేట్ పార్కులో గ్రీన్ జే పిట్టలు గింజల పళ్ళెం దగ్గరికి గుంపుగా దిగుతాయి. నీలం తల, పచ్చ వీపు, పసుపు తోక అంచులు. మిగతా అమెరికాలో కనబడని పిట్ట అది. పక్షులంటే ప్రాణమైనవాళ్ళు ఇంకేమీ ఆలోచించకుండా అక్కడికే వెళ్ళండి. మాకు పడనిది గాలిలో తేమ. గల్ఫ్ తీరం దగ్గరే కాబట్టి మబ్బు పట్టిందంటే రోజుల తరబడి విడవదు. ఉత్తరగాలి తోడైతే ఆ తడి చలి మోకాళ్ళలోకి దిగుతుంది. తెలుగు మాట చెవిన పడటం కూడా తక్కువే.

యూమాలో ఆ బాధ లేదు. ఎండకి కొదవ లేదు, నేల చదును, చలి తక్కువ. చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో అధిక భాగం ఈ పొలాల్లోనే పండుతుంది. కొలరాడో నది నీళ్ళ చలవ. మైళ్ళ తరబడి లెట్యూస్ మళ్ళు, కోతలప్పుడు చేలోనే కోసి పెట్టెల్లో సర్దేస్తారు. కృష్ణా డెల్టాలో పెరిగిన నాకు ఆ కాలవలూ మళ్ళూ చూస్తుంటే కడుపు నిండేది. సరిహద్దుకి అవతల మెక్సికోలో లాస్ అల్గొడోనెస్ అనే చిన్న ఊరు పళ్ళ డాక్టర్లకి పెట్టింది పేరు. కారు ఇవతల వదిలి నడిచి వెళ్ళొచ్చు. పాస్‌పోర్టు తప్పనిసరి. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నంలోపు తిరిగి రావాలి, ఆ తర్వాత ఇవతలికి వచ్చే వరుసలో జనవరి, ఫిబ్రవరుల్లో గంటలు నిలబడాల్సి వస్తుంది. మావారు ఒక పంటికి క్రౌన్ అక్కడే వేయించుకున్నారు. ఇక్కడ అడిగినదానిలో మూడో వంతు కూడా కాలేదు, ఇప్పటికీ గట్టిగానే ఉంది. అయితే ఇంప్లాంటు లాంటి పెద్ద పనులకి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి, వాటికి నేను సలహా ఇవ్వను. యూమాలో మేం దిగిన పార్కు మాత్రం నచ్చలేదు. ఫోనులో చెప్పిన స్థలం ఇవ్వలేదు, ఇచ్చినది రైలు పట్టాల పక్కన. రాత్రి రెండింటికి కూత వేస్తే మంచం కదిలేది. డబ్బు కట్టేముందు స్థలం నంబరు కాగితం మీద రాయించుకోండి, ఆ నంబరు పెట్టుకుని మ్యాపులో పట్టాలూ హైవేలూ ఎంత దూరమో చూసుకోండి.

క్వార్ట్‌జ్‌సైట్ సంగతి పూర్తిగా వేరు. ఎడారిలో ప్రభుత్వ భూమి, లా పోసా అంటారు. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి మేం వెళ్ళినప్పుడు పర్మిట్ 180 డాలర్లు. ఏడు నెలలకీ అంతే! కరెంటు కనెక్షనూ నీళ్ళ కుళాయీ మన స్థలం దగ్గర ఉండవు. ట్యాంకులో నీళ్ళు పట్టుకొచ్చుకోవాలి, మురుగు డంప్ స్టేషనుకి వెళ్ళి వదలాలి, కరెంటు సోలార్ పలకల మీద. రాత్రి ఆకాశం చూస్తే చిన్నప్పుడు డాబా మీద పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఊళ్ళో హై జాలీ సమాధి తప్పక చూడండి. అసలు పేరు హాజీ అలీ. 1850ల్లో అమెరికా సైన్యం ఎడారిలో సామాను మోయడానికి ఒంటెలు తెప్పించినప్పుడు వాటితోపాటు వచ్చిన ఒంటెలవాడు. 1902లో పోయాడు. రాళ్ళతో కట్టిన పిరమిడ్, దాని కొసన రేకుతో చేసిన ఒంటె. పరాయి దేశంలో ప్రాణం విడిచిన మనిషికి ఆ ఊరు అంత మర్యాద చేయడం నాకు చాలా నచ్చింది. కానీ మావారు నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదే సీపాప్ మిషను పెట్టుకుంటారు. రాత్రంతా మిషను, దానికి తోడు హీటరు ఫ్యాను నడిస్తే తెల్లారేసరికి బ్యాటరీ నీరసపడిపోయేది. ఒంట్లో బాగున్న అరవైలవాళ్ళకి అది స్వర్గం. మా వయసుకి వారం చాలు.

ఇక మేసా, అపాచీ జంక్షన్. తూర్పున సూపర్‌స్టిషన్ కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. జనవరి పగలు 20 డిగ్రీల దగ్గర, రాత్రి 7, 8 డిగ్రీలు. మన లెక్కలో చెప్పాలంటే అరకు డిసెంబరు, కానీ మంచు లేకుండా, పొడిగా. మేముండే పార్కు 55 దాటినవాళ్ళది. ఇలాంటి పార్కులకి చట్టం ఉంది: నివాసాల్లో కనీసం 80 శాతం చోట్ల 55 ఏళ్ళు నిండినవాళ్ళు ఒకరైనా ఉండాలి. మనవలు వచ్చి ఉండొచ్చు గాని ఎన్నాళ్ళన్నదానికి ప్రతి పార్కుకీ ఒక హద్దు ఉంటుంది, ఈతకొలనులో పిల్లలకి వేరే వేళలు. క్రిస్మస్ సెలవులకి పిల్లలు వస్తారనుకుంటే ముందే అడగండి. బండి పదేళ్ళు దాటినదైతే ఫోటో పంపమంటారు, కొన్నిచోట్ల రానివ్వరు. ట్రెయిలరు లాగడం మావల్ల కాదనుకునేవాళ్ళు పార్క్ మోడల్ అద్దెకి తీసుకోవచ్చు. 400 చదరపుటడుగుల లోపు చిన్న ఇల్లు, పూర్తి వంటగదితో. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నేను అదే చెబుతాను. అద్దె ఎక్కువే, కానీ దారిలో అమరిల్లో దగ్గర అడ్డగాలికి ట్రెయిలరు ఊగిపోతుంటే స్టీరింగు పట్టుకునే పని ఉండదు. మేం లాక్కెళ్ళేవాళ్ళం కాబట్టి ఆల్బుకర్కీ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ వైపు పోము. అది ఏడు వేల అడుగుల ఎత్తు, మంచు పడుతుంది. ఇంటర్‌స్టేట్ 25 మీద దక్షిణానికి దిగి, హ్యాచ్ దగ్గర మళ్ళి, డెమింగ్‌లో ఇంటర్‌స్టేట్ 10 ఎక్కుతాం. దూరం పెరుగుతుంది, బెంగ తగ్గుతుంది.

స్థలం ఎంచుకునేటప్పుడు మా పట్టుదల ఒకటే: గుమ్మం తూర్పుకి ఉండాలి. ట్రెయిలరు గుమ్మం ఉన్న వైపే పందిరి గుడ్డ తెరుచుకుంటుంది, కుర్చీలు అక్కడే వేస్తాం. పొద్దున కాఫీకి ఎండ తగులుతుంది, మధ్యాహ్నం నుంచి నీడ వస్తుంది. పడమటి ముఖమైతే మార్చి వచ్చేసరికి సాయంత్రాలు బయట కూర్చోలేం. నెలల లెక్కన ఉంటే కరెంటు అద్దెలో కలవదు, ప్రతి స్థలానికీ మీటరు ఉంటుంది, బిల్లు విడిగా. 30 యాంపుల కనెక్షనులో ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కరూ గది హీటరూ మైక్రోవేవూ ఒకేసారి పెడితే బ్రేకరు పడిపోతుంది. పప్పు ఉడికేదాకా హీటరు ఆపేస్తాను. తాలింపు, వేపుళ్ళు లోపల పెట్టను. ఆ చిన్న గదిలో ఎండుమిరపకాయ వేగిందంటే పొగ అలారం మోగుతుంది, దుప్పట్లకి వాసన పడుతుంది. బయట పందిరి కింద బల్ల మీద ఇండక్షన్ పొయ్యి, దాని మీద మూకుడు. మురుగు సంగతి కూడా తెలుసుకుని రావాలి. మరుగుదొడ్డి మురుగు చేరే బ్లాక్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉంచి, మూడింట రెండు వంతులు నిండాక వదిలి, ఆ వెనకే స్నానం, గిన్నెలు కడిగిన నీళ్ళు చేరే గ్రే ట్యాంకు వదిలితే ఆ సబ్బు నీళ్ళతో గొట్టం కడుక్కుపోతుంది. తెరిచే ఉంచితే నీళ్ళు పోయి గట్టిది మిగిలిపోతుంది. అరిజోనా నీళ్ళు ఉప్పుతేరినవి, కుళాయిలకి తెల్లగా పట్టేస్తాయి. తాగడానికీ పప్పుకీ ఫిల్టరు నీళ్ళే.

పొద్దున నడక, తర్వాత నేను కొలనులో నీళ్ళ వ్యాయామానికి, ఆయన వడ్రంగి షెడ్డుకి. ఈ షెడ్డు ఉన్న పార్కులకే మా మొగ్గు. రంపాలు, లేతు, ఇసుక కాగితం మిషన్లు అన్నీ ఉంటాయి. నేర్పేవాళ్ళు కూడా మనలాంటి రిటైరైనవాళ్ళే. కార్ల కంపెనీలో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి ఇప్పుడు పూజకి పీట చేశారు. దాని కాళ్ళకి చెక్కిన తామర రేకులు తడిమి చూస్తుంటే నాకు గర్వంగా ఉంటుంది. శనివారం పొద్దున్నే క్లబ్‌హౌసులో కాఫీ, డోనట్లు, పార్కు కబుర్లు. సస్కాచువాన్, మానిటోబా నుంచి వచ్చిన కెనడావాళ్ళు చాలామంది. టెన్నిస్ లాంటి పిక్కిల్‌బాల్ ఆట ఆడేవాళ్ళ సందడి చీకటి పడేదాకా.

ఈ ప్రాంతం మా మనసుకి పట్టడానికి ఎండ పెద్ద కారణం. నిమ్మ, నారింజ, గ్రేప్‌ఫ్రూట్ చెట్లు ఇళ్ళ పెరళ్ళలో విరగ్గాస్తాయి. జనవరి వచ్చేసరికి క్లబ్‌హౌసు బల్ల మీద ‘తీసుకెళ్ళండి’ అని రాసిన పెట్టెలు ఉంటాయి. ఆ నిమ్మకాయలతోనే ఏటా ఊరగాయ పెడతాను. ముక్కలు కోసి ఉప్పూ పసుపూ వేసి ఊరనిచ్చి, మూడో నాడు రసం పిండి, ముక్కల్ని పళ్ళెంలో పరిచి పందిరి బయట బల్ల మీద పెడితే ఒక్క మధ్యాహ్నానికే అంచులు ముడుచుకుని చేతికి అంటకుండా అవుతాయి. మిషిగన్‌లో అది కలలో మాట. మినప వడియాలు కూడా రెండు రోజుల్లో గలగలమంటాయి. పక్క ట్రెయిలరు నార్త్ డకోటా రైతు దంపతులు మొదట అవేమిటని అడిగారు. ఇప్పుడు వేయించి పెడతానని ఎదురు చూస్తారు.

ఆ పెద్దాయనే ఒక రాత్రి తొమ్మిదింటికి టార్చిలైటు పట్టుకుని మా వరుసలో తలుపు తలుపూ తట్టాడు. “ఇవాళ తెల్లవారుజామున గడ్డకడుతుంది, నీళ్ళ గొట్టం విప్పేసి లోపల పెట్టుకోండి” అని. మావారు చెప్పులేసుకుని వెళ్ళేలోపు ఆయనే విప్పి చుట్టి మెట్టు మీద పెట్టేశాడు. పొద్దున చూస్తే విప్పకుండా వదిలేసినవాళ్ళ గొట్టాలు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఇలాంటి పొరుగు ఏ బ్రోషరులోనూ ఉండదు. అందుకే ఏ పార్కుకైనా ముందు వారం రోజులకి అద్దె కట్టి, మనుషుల్ని చూసి, అప్పుడు నెలలకి మాట ఇవ్వమంటాను.

సంక్రాంతి మేం ఇక్కడున్నప్పుడే వస్తుంది. కట్టెలతో మంట వేయనివ్వరు కాబట్టి భోగికి ప్రొపేన్ మంట చుట్టూ తెల్లవారుజామున కూర్చుంటాం. సిమెంటు వరండా మీద బియ్యప్పిండితో ముగ్గు వేస్తాను. చాండ్లర్‌లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, కిరాణా అంతా అక్కడే. గోంగూర కూడా దొరుకుతుంది. టెంపీలో వెంకటకృష్ణుడి గుడికి అరగంట ప్రయాణం. మారికోపాలో మహాగణపతి గుడి దూరమే గాని ప్రశాంతంగా ఉంటుంది, నెలకోసారి వెళతాం. అరిజోనాలో గడియారం ముందుకీ వెనక్కీ తిప్పరు. తెనాలికి ఏడాదంతా పన్నెండున్నర గంటల తేడానే. సాయంత్రం ఏడున్నరకి ఫోను చేస్తే అక్కడున్న మా అక్కకి పొద్దున ఎనిమిది, కాఫీ తాగుతూ మాట్లాడుతుంది.

ఆరోగ్యం గురించి గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్ళకి ప్రభుత్వం నేరుగా ఇచ్చే ఆరోగ్య బీమా, ఒరిజినల్ మెడికేర్, ఉన్నవాళ్ళకి ఏ రాష్ట్రంలోనైనా మెడికేర్ తీసుకునే డాక్టర్ల దగ్గర నడుస్తుంది. దాని బదులు ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్లలో చాలావాటికి సొంత ఊరి నెట్‌వర్కు హద్దు ఉంటుంది. అత్యవసరమైతే చూస్తారు గాని మామూలు పరీక్షలకి చిక్కు. ఆరు నెలలకి మించి ఊళ్ళో లేకపోతే ప్లానులోంచి తీసేయొచ్చు కూడా. బయల్దేరే ముందే అడగండి. ఇంకొకటి, వ్యాలీ ఫీవర్. ఇక్కడి మట్టిలో ఉండే బూజు ధూళితో ఊపిరితిత్తుల్లోకి పోతే వస్తుంది. దగ్గు, నీరసం వారాల తరబడి వదలకపోతే, ఇంటికి తిరిగి వెళ్ళాక చూపించుకున్నా సరే, “చలికాలం అరిజోనాలో ఉన్నాను” అని మీరే డాక్టరుకి చెప్పాలి. ఉత్తరాది డాక్టర్లకి అది వెంటనే తట్టకపోవచ్చు. ధూళిగాలి లేచిన రోజు మావారిని షెడ్డుకి కూడా పోనివ్వను.

మంచి స్థలాలు చాలావరకు పాతవాళ్ళే వదలకుండా పట్టుకుంటారు. వచ్చే చలికాలానికి అడ్వాన్సు ఫిబ్రవరి, మార్చిలోనే తీసుకుంటారు, వాళ్ళు కట్టగా మిగిలినవే బయటివాళ్ళకి. కొత్తగా వచ్చేవాళ్ళు నవంబరులో ఫోను చేస్తే దొరకడం కష్టం. ఏప్రిల్‌లో మేమంతా ఖాళీ చేసి వెళ్ళాక ఆఫీసువాళ్ళకి తీరిక ఉంటుంది. అప్పుడు అడిగి, తూర్పు గుమ్మం, రోడ్డుకి రెండు వరుసల లోపల, మురుగు కనెక్షను సరైన వైపు ఉన్నదీ లేనిదీ కనుక్కుని, నంబరుతో సహా రాయించుకోండి.