గౌచర్ ఉన్న బాలింతకు డ్రిప్పా, నోటి మందా?

గౌచర్ అంటే ఒక ఎంజైమ్ లోపం వల్ల ఒంట్లో కొవ్వు పదార్థం పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు. అందులో టైప్ 1 అనే రకానికి రెండు వారాలకోసారి డ్రిప్‌లో ఎక్కించే ఎంజైమ్ మందు ఇమిగ్లూసెరేజ్ పెద్ద ప్రోటీన్. పాలలోకి చేరేది అత్యల్పం. చేరినా బిడ్డ కడుపులో అరిగిపోతుంది. డ్రిప్‌కు ముందే బిడ్డకు పాలు పట్టి, అయ్యాక మొదటి పాలు పిండి పారబోస్తే ఆ కాస్త బెంగా ఉండదు.

నోటి మందులు మిగ్లుస్టాట్, ఎలిగ్లుస్టాట్ చిన్న అణువులు, అలా అరిగిపోవు. ఎలిగ్లుస్టాట్ ఎలుకల పాలలో కనిపించింది. మిగ్లుస్టాట్ వాడుతూ పాలివ్వకూడదు. సూది పోటు తప్పుతుంది, నిజమే. అయినా పాలిచ్చినన్నాళ్లూ మా ఓటు డ్రిప్‌కే. మార్పు మాత్రం డాక్టరే చేయాలి.

ఏ మందైనా ఎముకల సంగతి మరవొద్దు. గౌచర్ ముందే వాటిని గుల్ల చేస్తుంది, పాలతో కాల్షియం ఇంకా పోతుంది. ఎముకల జబ్బుంటే 6 నెలలు దాటి పాలిచ్చే ముందు డాక్టర్‌ని అడగాలి.