గుండె జబ్బు: మగవాళ్లకు ముందు, ఆడవాళ్లకు నెలసరి ఆగాక

మగవాళ్లలో గుండె జబ్బు ఆడవాళ్లకంటే సుమారు 7 నుంచి 10 ఏళ్లు ముందే బయటపడుతుంది. ఆడవాళ్లకు నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కొంత కాపు కాస్తుంది. ఆగాక చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) పెరుగుతుంది.

రిపోర్టులో మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) 45 ఉంటే మగవాళ్లకు ఫర్వాలేదు, ఆడవాళ్లకు మాత్రం తక్కువే. హద్దు వాళ్లకు 40, వీళ్లకు 50. కడుపుతో ఉన్నప్పుడు బీపీ, షుగర్ వచ్చినవాళ్లు ఎన్నేళ్లయినా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

గుండెపోటులో ఛాతీనొప్పి ఇద్దరికీ వస్తుంది. దాంతోపాటు ఆయాసం, వికారం, దవడనొప్పి, విపరీతమైన నీరసం ఆడవాళ్లలో ఎక్కువ. నా బాధంతా ఇక్కడే: "గ్యాస్ అయ్యుంటుందిలే" అని మజ్జిగ తాగి పడుకుంటారు. అలా చేయకండమ్మా, వెంటనే 108కి ఫోన్ చేయండి.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఇద్దరికీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. పిల్లల కోసం చూస్తున్న ఆడవాళ్లు మాత్రం ముందే డాక్టరును అడగాలి.