మడత టంగ్ ట్రైలర్: బోటు గ్యారేజీలో పట్టింది, అంగుళాల లెక్కన

అమెరికాలో, ఫ్రిస్కోలో మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు డ్రైవ్‌వేలో బోటు ఉంచనివ్వరు. బయట స్టోరేజీకి నెలనెలా అద్దె కట్టడానికి నాకు మనసొప్పలేదు. అందుకే 20 అడుగుల వేక్‌బోర్డ్ బోటును (వెనక తాడు పట్టుకుని పలక మీద నీళ్లలో జారే ఆటకు వాడేది) స్వింగ్ టంగ్ ట్రైలర్‌తో కలిపే తీసుకున్నాం. టంగ్ అంటే ట్రైలర్‌ను కారుకు తగిలించే ముందు కడ్డీ.

టంగ్ మధ్యలో కీలు ఉంటుంది. పిన్ లాగి తోస్తే ముందు భాగం తలుపు రెక్కలా పక్కకు మళ్లుతుంది. రెండడుగుల దాకా కలిసొచ్చింది. అయినా గ్యారేజీ లోపలున్నది 22 అడుగులే కాబట్టి, బోటు వెనక నీళ్లలోకి దిగడానికి ఉండే స్విమ్ ప్లాట్‌ఫాం ఊడదీస్తే గానీ గ్యారేజీ తలుపు కిందికి దిగలేదు.

అసలు తలనొప్పి ఎత్తుతోనే. గ్యారేజీ తలుపు 7 అడుగులు. బోటు పైన తాడు కట్టే కమాను లాంటి టవర్‌ను మడిచినా దాని స్పీకర్లు తగిలేలా ఉన్నాయి, తీసేశాం. మడిచేటప్పుడు ఇద్దరుండాల్సిందే. మా ఆవిడ అటువైపు పట్టుకుని "మెల్లగా దించండి, అద్దానికి తగుల్తుంది" అని ఒకటే హెచ్చరికలు! తలుపు దగ్గర ట్రైలర్ ముందుండే జాకీ తిప్పి బోటు ముక్కు కాస్త దించితే టవర్ కూడా కిందికొస్తుంది. ఈ కిటుకు డీలరు చెప్పలేదు.

నచ్చనిది ఒకటే. కీలు దగ్గర బ్రేకు గొట్టం, లైట్ల వైరు వంగే చోటు ఇరుకు. తిప్పిన ప్రతిసారీ నలగలేదు కదా అని చూసుకోవాలి. పిన్‌కు గ్రీజు పెట్టకపోతే సుత్తి పట్టుకోవాల్సిందే.

అయిదుకు నాలుగు స్టార్లు. కొనేముందు టవర్ మడిచి, ట్రైలర్ మీద ఉండగానే ఎత్తు కొలిపించండి. బ్రోచర్‌లో రాసే ఎత్తులో ట్రైలర్ కలిసిందో లేదో అడగండి.