పొట్ట మీది నరం నొప్పికి లిడోకైన్ ప్యాచ్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

శ్రీకాకుళంలో ఏ మందుల షాపుకైనా వెళ్లి ఊరికే ‘నొప్పి ప్యాచ్’ అని అడగొద్దు. డైక్లోఫినాక్ ప్యాచ్ చేతికొచ్చే అవకాశం ఉంది. అది కండరాలకీ కీళ్లకీ వాడేది. నరం నొప్పికి కావలసింది లిడోకైన్ 5 శాతం ప్యాచ్. కవర్ మీద ఆ పేరు చదివాకే డబ్బులివ్వండి. 10 సెంటీమీటర్ల వెడల్పు, 14 సెంటీమీటర్ల పొడవున్న ప్యాచ్‌లో 700 మిల్లీగ్రాముల మందు ఉంటుంది.

కొనేముందు నొప్పి ఎక్కడిదో తేల్చుకోవాలి. వెల్లకిలా పడుకుని చేతులు గుండెల మీద కట్టుకోండి. నొప్పి ఉన్నచోట ఇంకొకరు ఒక్క వేలితో నొక్కి పట్టుకోవాలి. అప్పుడు తల, భుజాలు పైకెత్తండి. నొప్పి పెరిగితే అది పొట్ట గోడలోది అయ్యుండొచ్చు. తగ్గితే లోపలి అవయవాలను అనుమానించాలి, అక్కడ ప్యాచ్ దండగ.

పొట్ట గోడలో తరచుగా చిక్కుకునేవి వెన్ను నుంచి పక్కటెముకల వెంట ముందుకొచ్చే నరాల కొసలు. బొడ్డుకి ఇరువైపులా ఉన్న నిలువు కండరంలోంచి సన్నని సందు గుండా చర్మంలోకి మలుపు తిరిగేచోట అవి నొక్కుకుపోతాయి. నొప్పి వేలికొనంత చోటే ఉంటుంది, దగ్గినా వంగినా పోటు పొడుస్తుంది. స్కానింగ్, ఎండోస్కోపీ రెండూ బాగానే ఉంటాయి, గ్యాస్ మాత్రలు మాత్రం నెలల తరబడి మింగుతూనే ఉంటారు! దీనికి డాక్టరు సరిగ్గా ఆ చోటే ఇచ్చే మత్తు సూది ముఖ్యం. నొప్పి వెంటనే తగ్గితే జబ్బు కూడా తేలినట్టే. ప్యాచ్‌తో అంత ఫలితం ఆశించొద్దు.

ప్యాచ్ అసలు సత్తా చూపేది సర్పి మానిపోయాక మిగిలే మంట దగ్గర. చొక్కా రాసుకున్నా చుర్రుమనేవాళ్లకి నిజంగా ఊరట. పొక్కులు ఉండగా మాత్రం అంటించకూడదు. సర్పి నొప్పి పొక్కులకంటే రెండు మూడు రోజుల ముందే మొదలవ్వొచ్చు. పొక్కు కనపడిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెట్టాలి. పసర్లు పూసుకుంటూ కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. సిజేరియన్, హెర్నియా కోత వెంట వచ్చే సలుపుకీ, గాయం పూర్తిగా మానాక, ప్యాచ్ వేసి చూడొచ్చు. వెనక ప్లాస్టిక్ పొర తీయకముందే కత్తెరతో కోతకి సరిపడా కత్తిరించుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లకి వీపు నుంచి పొట్ట చుట్టూ ఒకవైపే పట్టీలా మంట వస్తే షుగర్ అదుపే అసలు మందు. కాళ్లు బలం తప్పినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము మీద ఒత్తిడి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, వాంతులు, పొట్ట బల్లలా బిగుసుకోవడం ఉన్నా అంతే.

మన ఉక్కపోతలో ప్యాచ్ ఊడిపోతుందన్నదే పెద్ద ఫిర్యాదు. స్నానం చేసి, పొడిగా తుడుచుకుని, నూనె, పౌడరు లేకుండా రాత్రి అంటిస్తే నిలుస్తుంది. వెంట్రుకలు కత్తెరతో కత్తిరించాలి, గొరగకూడదు. 12 గంటలు ఉంచి, 12 గంటలు విరామం. ఒకేసారి మూడుకి మించొద్దు. పైన వేడి కాపడం అసలు పెట్టొద్దు, మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది. గుండె లయకి మందులు వాడేవాళ్లు, కాలేయ జబ్బున్నవాళ్లు డాక్టరుని అడగాలి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపువాళ్లకి ఈ ప్యాచ్‌ని గట్టిగా సూచిస్తాం. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి డైక్లోఫినాక్ లాంటి మాత్రలు చేటు. నరాలకిచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి కాబట్టి మోతాదు తగ్గించాలి, లేకపోతే మగతా తూలుడూ వస్తాయి. ప్యాచ్‌లోంచి రక్తంలోకి వెళ్లేది దాదాపు 3 శాతమే.

మిగతా మందంతా తీసేసిన ప్యాచ్‌లోనే ఉండిపోతుంది. జిగురు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకీ కుక్కలకీ అందనిచోట పారేయండి.